ఎలియాస్ గారి కోసం మూడో ప్లేటు

పెరూ రాజధాని లీమా శివార్లలోని కోమాస్‌లో, ఎలియాస్ గారి చైనా హోటల్‌కు ఆ తల్లీకూతుళ్లు ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తారు.

"మూడో ప్లేటెవరికమ్మా?"

"ఎలియాస్ గారికి. ఇవాళ మనతోనే తింటారు."

"హోటలాయనా? మనతో ఎందుకు?"

"నన్ను పెళ్లి చేసుకుంటానన్నారు. నువ్వు సరేనంటేనే అన్నాను."

కూతురు చెంచా కింద పెట్టేసింది.

"నాన్న పోయి ఆరేళ్లేగా అయింది!"

"ఆరేళ్లూ ఒక్కదాన్నే కదే."

కూతురు మూడో ప్లేటు వైపు చూసింది.

"అందుకేనా ఆదివారమొస్తే నన్ను ఇక్కడికి లాక్కొస్తావ్? నీకు వేపుడన్నమంటే ఎంత పిచ్చో అనుకున్నా."

"నాకసలు సోయా సాస్ వాసనే పడదే."

కూతురికి నవ్వాగలేదు. ఎలియాస్ గారు ఏప్రన్ విప్పేసి, తల దువ్వుకుని, వంటగది గుమ్మంలోనే ఆగిపోయారు. కూతురు ఆయన వైపు తిరిగింది.

"అక్కడే నిలబడ్డారేంటండీ? వచ్చి కూర్చోండి, చల్లారిపోతోంది."