తొడుక్కున్నవాణ్ణే అడగాలి

టైలరు షాపు వెనక గది. తాత చెబుతున్నాడు, మనవరాలు రాస్తోంది.

"...రాశావా తల్లీ? ‘డాక్టరు గారికి, మీ దగ్గర మూత్రనాళం ఆపరేషన్ చేయించుకున్న టైలరు రాయించేది’ అని."

"రాశాను తాతా. తర్వాత?"

"చెంప లోపలి చర్మం కోసి కింద అతుకేశారు. అతుకు బాగా కుదిరింది. ధార బాగానే వస్తోంది. ఆ మాట ముందు రాయి. మంచి పని మంచి పనే."

"ఊఁ, రాశాను."

"ఇక రెండోది... నువ్వు కాసేపు బయటికెళ్తావా?"

"నేను బయటికెళ్తే ఎవరు రాస్తారు? నాకు పెళ్లయి మూడేళ్లయింది. చెప్పు."

"ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మీ నాయనమ్మకీ నాకూ మధ్య... ఏమీ లేదు. ఒళ్లు సహకరించలేదు. తనంటే నాకు మొహం మొత్తిందనుకుని అది పక్క గదిలోకి మారింది. రాశావా?"

"...రాశాను."

"అక్షరాలు వంకర పోయాయేం?"

"బల్ల ఊగుతోంది తాతా."

"సరే. ఆ ఆస్పత్రి ఫైల్లో నా గురించి ఏం రాసుకున్నారో మళ్లీ చదువు."

"ఎందుకులే, పొద్దున చదివాగా."

"మళ్లీ చదువు."

"‘ఏడాది తర్వాత ఫోనులో అడిగిన ప్రశ్నలు. ధార: బాగుంది. నొప్పి: లేదు. దాంపత్యం: మునుపటిలాగే.’"

"మునుపటిలాగే! ఎవడు చెప్పాడు? నన్నెవరూ అడగలేదే."

"ఏమో... ఎవరో చెప్పుంటారు."

"ఎవరని రాసుండదా?"

"ఉంటుంది."

"ఉంటే చదవవేం?"

"‘జవాబు చెప్పినవారు: కొడుకు.’ ...తాతా? నీళ్లు కావాలా?"

"ఒకరోజు మీ నాన్నా ఆ మాటే అన్నాడు. ఫోను చేత్తో మూసుకుని గుమ్మంలోకొచ్చాడు. నా మొహం చూశాడు. ‘నీళ్లు కావాలా నాన్నా’ అన్నాడు. వద్దన్నాను. వెళ్లిపోయాడు. ఎందుకొచ్చాడో ఇవాళ తెలిసింది."

"నాన్నకి సిగ్గేసుంటుంది తాతా."

"సిగ్గేస్తే తెలీదనాలి. మునుపటిలాగే అంటాడా? అప్పుడే నిజం చెప్పుంటే డాక్టరు గారు ఏదో మందు ఇచ్చుండేవారు. రెండేళ్లు, గోడకి అటు అది, ఇటు నేను. ఇన్నేళ్లు బట్టలు కుట్టాను. చంకలో బిగుతుగా ఉందా అని చొక్కా తొడుక్కున్నవాణ్ణే అడిగాను గానీ, పక్కన నిలబడ్డవాణ్ణి ఏనాడూ అడగలేదు. ఇదీ రాయి డాక్టరుకి."

"రాస్తున్నా."

"అవునూ, నా ఫైలు నీ చేతికెలా వచ్చింది? అసలు ఆస్పత్రికెందుకెళ్లావు?"

"ఊరికే."

"ఊరికే ఆస్పత్రికెళ్లేవాళ్లెవరే?"

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు, అందుకని నీ ఫైలు తీయించా. నాన్నకీ అదే జబ్బు తాతా. గురువారం ఆపరేషన్. నీకు చెప్పొద్దన్నాడు."

"వాడికా..."

"డాక్టరు గారు తన పరిశోధన చూపించారట. నలభై మందికి చేస్తే ఒక్కరికీ దాంపత్యంలో తేడా రాలేదని. అది చూసే నాన్న ఒప్పుకున్నాడు."

"ఆ నలభై మందిలో నేనొకణ్ణి."

"అవును తాతా."

"డాక్టరు గారికి అన్నది కొట్టెయ్. నా కొడుక్కి అని రాయి. గురువారంలోగా చదివి వినిపించు తల్లీ. చివర్లో ఇది కలుపు: మిగతా ముప్పై తొమ్మిది మందికి జవాబు ఎవరు చెప్పారో, ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు కనుక్కోరా అని."