అత్త దుప్పటి

కారమడై దగ్గరి అరటితోటలో, ఊరెళ్లి పొద్దున్నే తిరిగొచ్చిన భర్తకు భార్య కాఫీ అందించింది.

"తెల్లారి ఆ ఒంటి ఏనుగు మళ్లీ వచ్చినాది, మామా."

"పటాసు కాల్చలేదా?"

"దానికి పటాసంటే లెక్కే లేదు. అత్త ఉండగా, 'పో సామీ' అంటేనే కదా పోతా ఉండె."

"నువ్వూ అట్లే అనాల్సింది."

"అంటిని. కదల్లేదు. నా వెనక మన వాకిలి పక్కే చూస్తా నిలబడినాది."

"అమ్మ కోసమా?"

"అవును. అప్పుడు అత్త దుప్పటి కప్పుకోని పోతిని. దూరం నుంచే తొండమెత్తి వాసన పట్టి, మెల్లిగా తిరిగి పోయినాది."

"అమ్మ బట్టలన్నీ కర్మ నాడే ఇచ్చేసినామే?"

"ఇదొకటి ఇచ్చేదానికి మనసు రాలేదు. తిట్టవద్దు మామా, ఈ పొద్దే ఉతికి ఇచ్చేస్తాను."

అతను దుప్పటి అందుకుని ముఖానికి ఆనించుకున్నాడు.

"ఉతకవద్దు."