దొంగమోటరుకు దండం

ఏంది గురురాజప్పా, నా వీడియో మాయమయితే నీకు నవ్వులాటగా ఉండాదా? కంప్లి బస్టాండు కాడ నీ ఆన్‌లైన్ అంగడిలో కానిపని లేదంటారే. దీన్నీ తెప్పియ్యి చూద్దాం.

బూతులా? నేనా? కాలవ గట్టు మీద నిలబడి, మా కడాపటి మళ్ళకొచ్చే నీళ్ళను దొంగమోటరు పెట్టి తోడుకునేవాని చెయ్యి పడిపోను అంటి. వాని మోటరు కాలిపోను అంటి. దీంట్లో బూతు యాడుండాది?

కోడి పోయినా, గడ్డి పోయినా మా అమ్మ బజారులో నిలబడి తిట్టేది. మా అవ్వా అంతే. కానీ పేరు తీయం. పేరు తీస్తే కొట్లాట. తీయకపోతే తగిలేవానికి తగులుతాది.

మా మనుమరాలు బిందుశ్రీ దాన్ని ఫోన్లో పెడితే సుట్టుపక్కల ఊర్లన్నీ చూసినాయి. ఎవుడో రిపోర్టు కొట్టినాడంట, కంపెనీవాళ్ళు తీసేసినారు. నా మాట ఎవురికో నొప్పంట.

పేరే తీయకపోతే నొప్పి ఎవురికప్పా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవానికే కదా. వాడెవుడంటే కంపెనీ చెప్పదంటావు. బాగుండాది న్యాయం. తిట్టినదాని నోరు మూసి, దొంగ పేరు దాస్తారా?

నువ్వు మర్యాదగా చెప్పమంటివని రెండోది చేస్తి కదా. పైమడి భీమప్ప పనే అని ఊర్లో ఎవురికి తెలీదు? వానికే చేతులెత్తి మొక్కితి. "భీమప్పా, నువ్వు చల్లగుండాల. నీ మోటరు రాత్రీ పగలూ కష్టపడతాంది, దానికి కొంచేపు నిద్ర పెట్టు నాయనా."

దాన్ని కంపెనీ ముట్టలే. జనమంతా వాని ఇంటి ముందర నిలబడి నవ్విరి. పాపం, మరుసటి పొద్దుకే మోటరు ఎత్తేసినాడు. మా మళ్ళలో నీళ్ళు నిండుగా పారతాండాయి.

నవ్వు, నవ్వు. నాకూ నవ్వొచ్చింది. నారు పచ్చగుంటే ఎవురికి రాదు?

నీళ్ళొచ్చినాయి కదా, ఇంక ఆ తిట్టెందుకు అంటావా? భీమప్ప ఆ రెండో వీడియోనే అందరికీ చూపించుకుంటాండాడప్పా, యంకమ్మక్క నాకు దండం పెట్టిందని. దొంగకు పెట్టిన దండం లోకమంతా ఉండాది. నా తిట్టు నా కడుపులోనే ఉండిపోయింది.

తెప్పించలేవా? ఆయ్తు బిడు, పోనీలే. నీదేం తప్పులే.

ఆ తలుపు దగ్గరికెయ్యి, కొంచేపు కూర్చో. నువ్వొక్కడివన్నా విను. మడి తడిసింది గానీ, వాన్ని తిట్టకుండా పోతే ఈ పొద్దు నాకు కూడు దిగదు.