కొట్టు దాటిన కత్తెర

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని, కూతుర్ని చంపిన అల్లుడి మీద కేసు నడుపుతున్న సర్కారు వకీలు చెప్పేదంతా ముసలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"చిన్న నేరమైతే ఒప్పుకుంటానంటున్నాడమ్మా. మీరు కాదనకపోతే ఇవాళే తేలిపోతుంది."

"ప్రాణం తీయడంలో చిన్నదీ పెద్దదీ ఏమిటి నాయనా?"

"పోయినవాళ్ళకి లేదమ్మా, తీసినవాడికి ఉంది. ముందే అనుకుని చంపితే పెద్ద నేరం. ఒళ్ళు తెలియని కోపంలో, చేతికందిన దానితో పొడిస్తే శిక్ష తగ్గుతుంది. అన్నం దగ్గర మాటా మాటా పెరిగిందట, పక్కనున్న బట్టల కత్తెర తీశాడట."

"ఇంట్లో కత్తెరా?"

"టైలరు కదమ్మా, ఉండదా?"

"ఉండదు. అతని కొట్లో నేను ఇరవయ్యేళ్ళు కాజాలు కుట్టాను. ఇంట్లో ఎవరైనా కాగితాలు కోస్తే పదును పోతుందని బట్టలు కోసే కత్తెర కొట్లోనే సొరుగులో పెట్టి రోజూ తాళం వేసేవాడు. పెళ్ళామడిగినా ఇచ్చేవాడు కాదు. కొట్టుకీ ఇంటికీ నాలుగు వీధులు. కోపం అన్నం దగ్గర వస్తే, కత్తెర కొట్టు మూసేటప్పుడే ఎందుకు బయల్దేరింది?"

వకీలు చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు? అల్లుడు కోపిష్టివాడా అని మాత్రం అందరూ అడిగారు."

"లోపల అతని వకీలు మిమ్మల్ని చీల్చి చెండాడతాడు. చదువు లేదంటాడు, కక్ష అంటాడు."

"అననీ. చదువు లేదు, నోరుంది. కక్షా ఉంది, దాచుకోను. పద, ఆ చిన్న నేరం మాకొద్దని జడ్జిగారికి నేనే చెబుతా."

వకీలు కాగితాలు సర్దుకునేలోగా ముసలమ్మ లోపలికి నడిచింది.