వెనక్కి నడిచిన రంపం

"రేపటి చెక్క నాకే ఇవ్వాలి మేస్త్రీ, ఇందులో మాట్లాడుకోవడానికేం లేదు" అంటూ టీకొట్టు బల్ల మీద బాసింపట్టు వేసుకుని మొదలెట్టాడు మా మీసాల బావ.

ముందు ఆ చెక్క సంగతి చెప్పాలి. ఒక గ్రంథాలయం వాళ్ళు జంట బల్లలు చెయ్యమని ఇచ్చిన పన్నెండడుగుల ఒంటి చెక్క అది. అతుకు లేదు, ముడి లేదు, పాడుచేస్తే అలాంటిది మళ్ళీ దొరకదు. దాన్ని ట్రాక్ సాతో, అదే, పొడుగాటి పట్టా మీద జారే కరెంటు రంపంతో, సరిగ్గా నడుమకి అడ్డంగా కోయాలి. కోస్తుండగా రంపం వెనక్కి తన్నిందా, చెక్కా పాడవుతుంది, మనిషికీ ముప్పే. ఎవరి చేతికివ్వాలో మేస్త్రి ఆ టీ తాగేలోపు తేల్చాలి. బావకి పోటీ ఎవరో కాదు, సొంత మరదలు, ఆయన భార్య చెల్లెలు. మూడేళ్ళుగా మా వడ్రంగి షెడ్డులోనే చిత్రిక పడుతోంది, ఆ రంపం ఒక్కసారి నా చేతికివ్వండని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది పాపం.

"వెనక్కి తన్నే రంపాన్ని ఎలా లొంగదీయాలో నన్నడగండి. మన పాత షెడ్డులో, ఇదే రంపం, ఇంతే పొడుగు చెక్క. సగం కోశానో లేదో ధన్‌మని నా మీదికొచ్చింది. ఇంకొకడైతే కెవ్వుమనేవాడు. నేను ఒంటి చేత్తో ఆపాను. రెండో చేతిలో టీ గ్లాసుంది మరి. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు!"

"ఏ చేతిలో గ్లాసు?" అన్నాడు పాలిష్ తాత.

"కుడి చేతిలో. అడ్డం రాకు తాతా. ఆపితే ఆగే రకమా అది? అది వెనక్కంటుంది, నేను ముందుకంటాను. నా చెప్పులు అరిగి, మేజోళ్ళు అరిగి, నేల పొగలు కక్కుతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పట్టాతో సహా లేచిందయ్యా! నేను పట్టా మీద, రంపం నా ఒళ్ళో, ఇద్దరం వెనక్కి వెనక్కి గుమ్మం దాటి రోడ్డెక్కాం."

"మరి వైరు?" అన్నాడు కరెంటు పనాయన.

"ఏ వైరు?"

"రంపానిది. ప్లగ్గు షెడ్డు గోడలోనే ఉండిపోయింది కదా."

"నీకు వైరు తప్ప లోకంలో ఇంకేం కనపడదా? సాగింది. నాలుగు వీధులు సాగింది, దాని మీద జనం బట్టలారేసుకున్నారు, చాలా? అసలు విచిత్రం వినండి. రంపం ముందుకి నడిస్తే కోస్తుంది కదా, మరి వెనక్కి నడిస్తే? అతికిస్తుంది! కుర్చీలు బాగుచేసే కొట్టు ముందు నుంచి వెళ్ళామా, విరిగిన కుర్చీలన్నీ ఎవరి కాళ్ళు అవి తగిలించుకుని లేచి నిలబడ్డాయి. టింబర్ డిపోలోకి దూరామా, పలకలన్నీ దుంగలైపోయాయి, దుంగలన్నీ చెట్లైపోయాయి! డిపో యజమాని నా సరుకు, నా సరుకు అని చెట్టెక్కి ఏడుస్తున్నాడు. పైనుంచి కాకి, ఇది నా ఇల్లు, దిగవయ్యా అంటోంది."

టీ పోస్తున్న పిన్ని నవ్వాపుకోలేక సగం టీ పొయ్యి మీదే పోసింది. పాలిష్ తాత దగ్గులో పడ్డాడు. బావ మీసం ఒకసారి దువ్వుకుని ఇంకా పైకెళ్ళాడు.

"వెనక్కి, వెనక్కి, వెనక్కి! ఎంత వెనక్కంటే గడియారాలు కూడా నాతో పాటే తిరగడం మొదలెట్టాయి. పదింటికి బయల్దేరిన వాణ్ణి, షెడ్డుకి తిరిగొచ్చేసరికి తొమ్మిదిన్నర! నేనింకా పనిలోకే రాలేదు. ఏం చేస్తాను, నా కోసం నేనే గుమ్మంలో అరగంట కాచుకున్నాను. ఆలస్యంగా వచ్చానని నన్ను నేనే చీవాట్లు పెట్టుకున్నాను. టీ మాత్రం వేడి తగ్గలేదు."

మేస్త్రి కళ్ళు తుడుచుకుంటున్నాడు. గ్లాసులో ఒక గుక్క మిగిలింది. ఆ నవ్వు ఊపులో చెక్క బావకి రాసిచ్చేస్తాడేమోనని నాకు నిజంగానే భయమేసింది. మరదలు కూడా కడుపు పట్టుకుని నవ్వి, నవ్వయ్యాక మామూలుగా అడిగింది.

"బావా, ఆ రోజు చెక్క కింద ఏం పెట్టావు?"

"ఏం పెట్టడమేంటే! ఈ చివర ఒక స్టూలు, ఆ చివర ఒక స్టూలు. మధ్యలో వట్టి గాలి. అదీ దమ్మంటే!"

పిన్నికి అర్థం కాలేదు కానీ షెడ్డు వాళ్ళందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"అయితే రంపం తప్పేం లేదు బావా, నువ్వే పిలిచి తన్నించుకున్నావు. చివర్లు రెండూ స్టూళ్ళ మీదుండి నడుమ కోస్తే, ఆ నడుమ కుంగదా? కుంగి బ్లేడుని రెండు వైపులా పట్టేసుకోదా? ఇక అది వెనక్కి తన్నక ముద్దు పెడుతుందా?"

"నువ్వైతే?" అన్నాడు మేస్త్రి.

"చెక్క మొత్తం కింద మందపాటి ఫోమ్ షీటు పరుస్తాను. కోత పడ్డాక కూడా రెండు ముక్కలూ ఎక్కడివక్కడే పడుకోవాలి. పట్టాని బిగిస్తాను, బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే చెక్కలోకి దింపుతాను. టీ తాగుతూ మాత్రం కొయ్యను."

మేస్త్రి చివరి గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. "రేపు అమ్మాయి కోస్తుంది. బావా, షీటు పరిచే పని నీది."

బావ మొహం చిన్నబోయింది. అందరం నవ్వుతుంటే తనూ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మరదలి వైపు తిరిగి, "ఆ రోజు రంపం అక్కడే పడేసి బల్ల కింద దూరానే" అన్నాడు. "సాయంత్రం దాకా బయటికి రాలేదు."

మరదలు జరిగి ఆయన పక్కన కూర్చుంది. "నాకూ భయంగానే ఉంది బావా. రేపు కోసేటప్పుడు దగ్గరుంటావా?"

"ఉంటానే తల్లీ" అన్నాడు బావ. "కుడి పక్కన ఉండమంటే ఉంటా, ఎడం పక్కన ఉండమంటే ఉంటా. రంపం వెనకాల మాత్రం ఉండను, నిన్నూ ఉండనివ్వను."