పన్నెండో కుర్చీ

యేసు తన శిష్యులకు చేసినట్టు పాస్టరు పన్నెండుమంది పాదాలు కడిగే ఆరాధన కోసం, ఆయన భార్య, ఆమె ఆడపడుచు చర్చిలో పన్నెండు కుర్చీలు వేస్తున్నారు.

“ఆ చివరిది తీసెయ్ అమ్మాయ్. పరాయి దేశపు మనిషి పక్కన కూర్చుంటే సంఘపెద్దలు లేచి వెళ్ళిపోతారట.”

“ఎవరు వదినా, ఈ నేల తుడిచే ఆవిడేనా?”

“ఆవిడే. ఏ దేశమో, ఏ జాతో!”

“వారం వారం మన చెప్పుల బురద కడుగుతుంటే ఎవరికీ జాతి గుర్తు రాలేదే?”

“నన్నంటావేం? భయం మీ అన్నయ్యది.”

“తనను అప్పగించబోయే యూదా కాళ్ళు కూడా కడిగాడు కదా ప్రభువు!”

“ఆయన దేవుడే తల్లీ. మీ అన్నయ్య ఆ పెద్దల జీతగాడు.”

“అయితే అన్నయ్యను పదకొండు మందితో ఆగమను. తువ్వాలు ఇటివ్వు, ఆవిడ కాళ్ళు నేను కడుగుతాను.”

“పెద్దలు నిజంగానే లేచి వెళ్ళిపోతే?”

“తలుపు తీసే ఉంచుదాం. కుర్చీ మాత్రం కదలదు.”