నాలుగు చుట్ల నల్ల టేపు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన క్లబ్బు అధ్యక్షులవారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకు, పాత ఆటగాళ్లకు, ఇవాళ స్కేట్లు లేకుండా మామూలు చెప్పులతో వచ్చినందువల్ల నేను సరిగా గుర్తుపట్టలేకపోతున్న పిల్లలకు, నా బంధువులకు, అందరికీ నమస్కారం.

నేను కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ముప్పై ఒక్క ఏళ్లు సిమెంటు నేల మీద నిలబడి పనిచేసిన మోకాళ్లు ఇవి. ఇవాళ పొద్దున మెట్లెక్కుతుంటే, ఇక మా వల్ల కాదని అవే ముందుగా రాజీనామా ఇచ్చేశాయి. (నవ్వులు)

వెనక కూర్చున్న మా వాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. మా ఆడపడుచు ఇన్నేళ్లూ నేను ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాననే అనుకుంది. వదినా, ఇది ఐసు అమ్మే చోటు కాదు, ఐసు మీద హాకీ ఆడే చోటు. నా గది జనం కూర్చుని ఆట చూసే ఆ మెట్ల వరసల కింద ఉంటుంది, కిటికీ లేదు. ఆటగాళ్ల కర్రలు బాగుచేయడం నా పని. పేరుకే కర్ర, కార్బన్ పోగులతో చేసిన గొట్టం, లోపల బోలుగా ఉంటుంది, దాని కొసన బంతికి బదులు వాడే బిళ్లను కొట్టే బ్లేడు ఉంటుంది. బ్లేడుకున్న నాలుకను కర్రలోకి దూర్చి, జిగురుతో అతికిస్తారు. బ్లేడు విరిగితే పాతది పీకి కొత్తది పెట్టాలి. పెట్టడం రెండు నిమిషాల పని, పీకడమే కష్టం. లోపల జిగురు గట్టిపడి రాయిలా పట్టుకుని ఉంటుంది. వేడిగాలి యంత్రంతో అతుకు చుట్టూ నాలుగు వైపులా సమంగా వేడిచేసి, జిగురు కరిగిందని చేతికి తెలిశాక, పటకారుతో పట్టుకుని తిన్నగా లాగాలి. ఇంతే. ఇంతే పనికి నన్ను అందరూ పటకారక్క అన్నారు, నా అసలు పేరు జీతం ఇచ్చే గుమస్తాగారికి తప్ప ఎవరికీ తెలియకుండా పోయింది.

ఇందాక స్కేట్లకు సానపట్టే బాబాయి నా గురించి చాలా పెద్ద మాటలు మాట్లాడాడు. మనసులో ఉన్నదే మాట్లాడాడు, ఆయనకు అబద్ధం చేతకాదు. అందులో ఒక మాట మాత్రం నేను మింగలేకపోతున్నాను. 'ముప్పై ఒక్క ఏళ్లలో ఈవిడ చేతిలో ఒక్క కర్ర కూడా పాడవలేదు' అన్నాడు. మీరందరూ చప్పట్లు కొట్టారు. బాబాయ్, ఒకటి పాడైంది.



పన్నెండేళ్ల కింద ఫైనల్ మ్యాచి రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో మన అమ్మాయిల జట్టుకు కెప్టెన్‌గా ఉన్నావిడే ఇప్పుడు మన పిల్లల కోచ్. ఆవిడకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. పై స్థాయి జట్టు ఎంపికకు పిలుపు కూడా వచ్చింది, ఇంకో నెలలో వెళ్లాలి. మ్యాచికి పాతిక నిమిషాల ముందు పరుగెత్తుకుంటూ నా గదికి వచ్చింది. బ్లేడు అతుకు దగ్గర తెగి, నాలుక ముక్క కర్ర లోపలే ఉండిపోయింది. పటకారుకు పట్టు దొరకదు.

"అక్కా, నాకు ఈ కర్రే కావాలి. ఎలాగైనా తీసిపెట్టు" అంది.

అప్పటికి ఆ రోజు పద్నాలుగు బ్లేడ్లు పీకేశాను. చేతులు పట్టుతప్పుతున్నాయి. లోపల ముక్క మిగిలిపోతే, దానిలోకి ఒక స్క్రూ బిగించి, కర్రను నెమ్మదిగా తిప్పుతూ వేడిచేసి, ఆ స్క్రూను బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి లాగాలి. స్క్రూ బిగించాను. ఒకసారి లాగాను, రాలేదు. రెండోసారీ రాలేదు. పైన జనం కాళ్లతో చెక్కలు మోగిస్తున్నారు, గది కప్పు మీద నుంచి దుమ్ము రాలుతోంది. అప్పుడు వేడిగాలిని కదపడం మానేసి, ఒకే వైపున ఆపి పట్టుకున్నాను. నాకు తెలియక చేసింది కాదు, కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పే మొదటి మాటే అలా పట్టుకోవద్దని.

ముక్క ఊడి వచ్చింది. దాని వెనకే వాసన వచ్చింది. కర్ర గొట్టం గోడ కాలితే వచ్చే వాసన అది, జిగురు వాసనలా ఉండదు, గొంతులో పట్టేస్తుంది. చూస్తే ఒక పక్కన గోరంత మేర రంగు మారింది. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి దిగింది.

అరలో ఆవిడదే ఇంకో కర్ర ఉంది. ఒక అంగుళం పొడుగు, అంతే తేడా. 'అమ్మాయ్, ఇది కాల్చేశాను, అది తీసుకో' అంటే సరిపోయేది. అనలేదు. కొత్త బ్లేడు పెట్టాను. ఆ మచ్చ మీద నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టాను. అందంగా చుట్టాను కూడా. నవ్వుతూ చేతికిచ్చాను.

"నీ చేతిలో ఏదో మహిమ ఉందక్కా" అని పరుగెత్తింది.

ఆట రెండో భాగంలో గురిచూసి బలంగా కొట్టబోయింది. కర్ర సరిగ్గా ఆ టేపు దగ్గరే విరిగింది. ఊపుకు తూలి మంచు చుట్టూ ఉన్న గోడకు గుద్దుకుంది, విరిగిన మొన ఎడమచేతి కింద పడి అరచేతిలో దిగింది. రెండు వేళ్ల నరాలు తెగాయి. మూడు ఆపరేషన్లు చేశారు. ఆ రెండు వేళ్లూ ఈ రోజుకీ ముడుచుకోవు. పై జట్టు పిలుపు ఏమైందో వేరే చెప్పక్కర్లేదు.

ఆస్పత్రికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ వాన గురించీ, మంచం ఎత్తు గురించీ మాట్లాడి వచ్చేశాను. కమిటీ వాళ్లు విరిగిన కర్రను బల్ల మీద పెట్టి, "తయారీలో లోపం, అంతేగా?" అని నన్ను అడిగారు. "అంతేనండి" అన్నాను. అదే రాసుకున్నారు. పని తెలిసినదాన్ని నేనే గనక నా మాట మీద ఇంకెవర్నీ అడగలేదు. ఆ వేళ బాగా అలసిపోయి ఉన్నమాట నిజమే, సాయానికి ఇంకో మనిషిని ఇమ్మని అంతకుముందు మూడుసార్లు అర్జీ పెట్టుకున్నమాటా నిజమే, అధ్యక్షులవారికి గుర్తుండే ఉంటుంది. కానీ టేపు చుట్టడానికి అలసట కారణం కాదు. అప్పుడు నా బుర్ర శుభ్రంగా పనిచేస్తోంది.

పోయిన నెల నా ఆఖరి తేదీ ఖాయమైంది. ఆ సాయంత్రం ఆవిడ ఒక్కతే మంచు మీద పిల్లలు వదిలేసిన ప్లాస్టిక్ కోన్లు ఏరుతుంటే, గట్టు దగ్గర నిలబడి మొత్తం చెప్పేశాను. చేతిలోవి కింద పెట్టి, గేటు తీసుకుని వెళ్లిపోయింది. తొమ్మిది రోజులు నా గది వైపు రాలేదు. ఎదురుపడితే తల వంచుకుని పోయేది. పన్నెండేళ్లు నేను చేసింది అదే, కాబట్టి నాకు నొచ్చుకునే హక్కు లేదు.

పదో రోజు ఒక కర్ర తీసుకుని వచ్చింది. దానిలో బ్లేడు ఇరుక్కుని ఉంది.

"మీరు పోయాక ఇవి ఎవరు తీస్తారు?" అని అడిగింది. నన్ను 'మీరు' అనడం అదే మొదలు.

"ఇంకా ఎవర్నీ పెట్టలేదమ్మా."

"అయితే నాకు చూపించండి."

యంత్రం ఆవిడ కుడిచేతికి ఇచ్చాను. ఎడమచేత్తో కర్ర తిప్పాలి, ఆ రెండు వేళ్లూ పట్టు ఇవ్వవు. కాసేపు కుస్తీ పట్టి, కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకుని మణికట్టుతో దొర్లించడం తనే కనిపెట్టింది. నేను చూస్తూ ఉండలేక, "ఒకేచోట ఎక్కువసేపు పెట్టావమ్మా, కదుపు" అన్నాను.

"మీరు పెట్టినంతసేపా?" అంది.

ఆవిడ యంత్రాన్ని కదిపింది. కాసేపయ్యాక, "ఆ వాసన ఇదేనా?" అని అడిగింది.

"కాదు, ఇది జిగురే. అది వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు."

"వస్తే ఏం చెయ్యాలి?"

"కర్ర అవతల పారెయ్యాలి. కాల్చేశానని చెప్పాలి."

తలూపింది. బ్లేడు చివర వైసులో బిగించి, రెండు చేతులతో కర్ర పట్టుకుని, వెనక్కి ఒరిగి లాగింది. నేను సాయం పట్టలేదు, పట్టమని తను అడగలేదు కూడా. మూడో లాగుకు బ్లేడు నాలుకతో సహా వచ్చేసింది. కర్ర గోడను నాలుగు వైపులా గోటితో నొక్కి చూసింది. ఎక్కడా మెత్తగా లేదు. దాన్ని గది గోడకు ఆనించి, "రేపు ఎన్నింటికి?" అని అడిగింది.

అప్పట్నుంచి రోజూ వస్తోంది. ఈ సంగతి సభలో చెప్తానంటే, "చెప్పండి. కానీ నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించొద్దు" అంది. అందుకని దయచేసి ఎవరూ ఆవిడ వైపు తిరగకండి. బాబాయ్, నీక్కూడా చెప్తున్నా. (ఒకరిద్దరు నవ్వారు)

అధ్యక్షులవారూ, నేను మీ ముందు పెట్టిన ఆ కవరు అభినందనలకు జవాబు కాదు. ఆ రోజు జరిగింది రాసి సంతకం పెట్టాను. పాత కాగితంలో 'తయారీ లోపం' అని ఉన్నచోట దీన్ని జతచేయండి. ఇది విన్నాక కూడా నాకు బహుమతిగా తెచ్చిన ఆ గోడగడియారం ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, లేకపోతే నేనేమీ అనుకోను.

పోయిన వారం ఉండబట్టలేక అడిగేశాను, నన్ను క్షమించావా అమ్మా అని. ఆవిడ జిగురు గీకుతూ, తలెత్తకుండా చెప్పింది: "రోజూ ఒకేలా ఉండట్లేదక్కా. కొన్ని రోజులు అవును. ఇవాళ సంగతి ఇంకా తెలీదు." ఆ మధ్యలో 'అక్కా' అనే మాట ఎలా జారిందో, ఆవిడ గమనించిందో లేదో, నేను మాత్రం ఇంటికి వెళ్లేదాకా దాన్నే తలుచుకున్నాను.

ఇంత చెప్పాక తేలిగ్గా ఉంటుందనుకున్నాను. అలాంటిదేమీ లేదు. బాగా అలిసిపోయాను, అంతే. ఇంటికి వెళ్లి వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలని ఉంది. ఇన్నేళ్లూ నా చేత పని చేయించుకున్నందుకు, నా విసుగు భరించినందుకు, ఈ సాయంత్రం నా మాట చివరిదాకా విన్నందుకు మీ అందరికీ రుణపడి ఉంటాను.

కొత్త మనిషి వచ్చేదాకా సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు కోచ్‌గారు నా గదిలో ఉంటారు. మీ కర్రల్లో బ్లేడు ఇరుక్కుంటే ఆవిడకు ఇవ్వండి. తీస్తుంది. పక్కన నిలబడి తొందరపెట్టకండి.

సెలవు.